‘పాత మందులు కొనసాగించవలెను’: ఏ పాత మందులు, మంత్రి గారూ?

గౌరవనీయులైన వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

వృద్ధులు ఇంట్లో వేసుకునే మందులను దవాఖానల్లో ఎవరూ సరిచూడడం లేదన్న విషయం మీద ఇంతకు ముందు రెండుసార్లు ప్రజావాణికి వెళ్లి అర్జీ ఇచ్చాను, ఒకసారి తమరి పేషీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. మొదటి అర్జీ ‘సంబంధిత అధికారికి పంపబడినది’ అన్నారు. రెండవది ‘పరిష్కరించబడినది’ అని సెల్‌ఫోనుకు సందేశం వచ్చింది. ఏమి పరిష్కరించారో తెలుసుకుందామని వెళితే, కంప్యూటరులో అలాగే చూపిస్తున్నదని అక్కడి గుమాస్తా మర్యాదగానే చెప్పాడు. మూడవదానికి పోస్టాఫీసు వారి కార్డు తిరిగి వచ్చింది కానీ దాని మీద సంతకం ఎవరిదో నాకు బోధపడలేదు. 31 ఏళ్లు ప్రైవేటు పాఠశాలల్లో తెలుగు పండితుడిగా పిల్లల చేతిరాత దిద్దినవాణ్ని నేను.

మా అమ్మకు 86 ఏళ్లు, నాకు 67. ఇద్దరికీ బీపీ, ఇద్దరికీ షుగరు. ఇంట్లో మందులన్నీ ఒక పాత బిస్కెట్ డబ్బాలో ఉంటాయి. అమ్మకు చదువు రాదు కాబట్టి గోలీలను రంగును బట్టి, ఆకారాన్ని బట్టి గుర్తు పెట్టుకుంటుంది. మొన్న డిసెంబరులో ఆమెకు దగ్గు, ఆయాసం వచ్చి నిమోనియా అని తేలితే ప్రభుత్వ దవాఖానలో చేర్చాను. ఆరు రోజులు ఉంచారు. జబ్బు తగ్గించి పంపారు, ఆ మేలు నేను మరచిపోలేదు. కానీ చేర్చుకున్నప్పుడు కానీ, ఆ ఆరు రోజులలో కానీ, ‘ఈమె ఇంట్లో ఏయే గోలీలు వేసుకుంటున్నది’ అని ఒక్కరు కూడా మమ్మల్ని అడగలేదు. నేనే చెప్పబోతే, ‘కేస్ షీటులో ఉంటుంది లెండి’ అన్నారు. మేము చెప్పకుండా కేస్ షీటులోకి ఎలా వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

డిశ్చార్జి నాడు ఒక కాగితం, కొన్ని మాత్రలు ఇచ్చారు. కాగితం అంతా ఇంగ్లీషులో ఉన్నది. అడుగున చేతిరాతతో ఒక వాక్యం ఉన్నది. పక్కింటి పిల్లవాడి చేత చదివిస్తే ‘పాత మందులు కొనసాగించవలెను’ అని తేలింది. ఏ పాత మందులు? దవాఖానలో ఆరు రోజులు ఇచ్చినవా, పల్లె దవాఖానలో ఇస్తున్నవా, అవి దొరకని నెలలో ప్రైవేటు డాక్టరు రాసినవా, మోకాళ్ల నొప్పులకు ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చినవా? మేము బుద్ధిమంతులం కనుక అన్నీ కొనసాగించాము.

నాలుగో రాత్రి అమ్మ ఒళ్లంతా చెమటతో తడిసిపోయి, ఎప్పుడో చనిపోయిన తన అన్నను పిలుస్తూ పొంతన లేని మాటలు మాట్లాడసాగింది. పక్కింటివారి మిషనుతో చూస్తే షుగరు 38కి పడిపోయి ఉన్నది. 108 వచ్చింది, గ్లూకోజు ఎక్కించారు, తీసుకుపోయారు. అక్కడ ఒక హౌస్ సర్జన్, పాతికేళ్లు కూడా ఉండవేమో, మొట్టమొదటిసారిగా ‘ఏం గోలీలు వేసుకుంటుంది తాతా’ అని అడిగాడు. డబ్బా అతని ముందు బోర్లించాను. లెక్క పెడితే పదకొండు రకాలు తేలాయి. అందులో రెండింటిని పక్కపక్కన పెట్టి చూపించాడు: దవాఖానలో ఇచ్చిన గ్లిమెపిరైడ్, ప్రైవేటు డాక్టరు ఏడాది క్రితం రాసిన, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ కలిసిన మాత్ర. పేర్లు వేరు, రంగులు వేరు, రెండింటిలోనూ ఉన్నది అదే గ్లిమెపిరైడ్. అంటే జబ్బు పడి లేచి, నాలుగు ముద్దలు కూడా సరిగా తినలేని 86 ఏళ్ల మనిషికి షుగరు తగ్గించే మందు నాలుగు రోజులపాటు రెట్టింపు పడింది. గ్లూకోజు ఎక్కించినా ఈ మందు ఒంట్లో ఉన్నంతసేపూ షుగరు మళ్లీ పడిపోవచ్చునని, వయసు మీద పడి మూత్రపిండాలు మందగించినవారిలో అది ఆలస్యంగా గానీ బయటికి పోదని చెప్పి రెండు రోజులు కనిపెట్టి ఉన్నారు. అమ్మ బతికింది. ఆ కుర్రవాడు అడిగిన ప్రశ్న పది రోజుల ముందు అడిగి ఉంటే ఆ రాత్రి వచ్చేదే కాదు.

ఈ మాట నా సొంత పైత్యం అనుకోకండి. మందుల వల్ల కలిగే తీవ్రమైన, నివారించదగిన హానిని అయిదేళ్లలో సగానికి తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దేశాలన్నింటికీ పిలుపునిచ్చింది, ఆ అయిదేళ్లు 2022లోనే ముగిశాయి. ముఖ్యంగా మూడుచోట్ల జాగ్రత్తపడాలని చెప్పింది: ఒకటి, ప్రమాదం ఎక్కువగా ఉన్న మందులు, సందర్భాలు; రెండు, ఒకే మనిషికి అనేక మందులు; మూడు, రోగి ఒక చోటి నుంచి ఇంకొక చోటికి, అంటే ఇంటి నుంచి దవాఖానకు, దవాఖాన నుంచి ఇంటికి మారే సమయం. మా అమ్మ మూడింటికీ ఒకేసారి అర్హత సాధించింది. వృద్ధులకు ఏ మందులు కీడు చేయవచ్చునో మార్క్ బీర్స్ అనే అమెరికా వైద్యుడు 1991లో వేసిన జాబితాను అక్కడి వృద్ధాప్య వైద్యుల సంఘం నేటికీ సవరిస్తూనే ఉన్నది. గ్లిమెపిరైడ్ తరగతి మందు తప్పనిసరైతే దానికన్నా తక్కువ సేపు పనిచేసేదాన్ని ఎంచుకోమని 2023 నాటి సవరణ చెబుతున్నది. మన దవాఖానల్లో ఆ మాత్ర మానేయండి అనడానికి నాకు అంత చదువు లేదు. ఇచ్చే మాత్ర ఇప్పటికే డబ్బాలో ఉందో లేదో చూడండి అనడానికి మాత్రం చదువుతో పని లేదు.

మాత్రలు ఇచ్చే తీరు కూడా తమరు ఒకసారి చూడాలి. కౌంటరులో స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి ఇస్తారు. పేరు, గడువు తేదీ ఉన్న ముక్క ఎవరికి పోతుందో వారి అదృష్టం, మాకు ఎప్పుడూ మిగతా సగమే వచ్చింది. కవరు లేదు, కవరు మీద రాత లేదు. ‘ఇది పొద్దున, ఇది రాత్రి’ అని కిటికీ లోపలి నుంచి వినిపించే మాట, వెనక యాభై మంది తోసుకుంటూ ఉంటే, సగం చెవుడు ఉన్న మనిషికి ఎంత వినపడుతుంది? ఒక నెల బీపీ గోలీ తెల్లగా, గుండ్రంగా ఉంటే మరుసటి నెల వేరే కంపెనీది వేరే రంగులో వస్తుంది. రంగు మారితే అది కొత్త మందు అనుకొని, మిగిలిన పాతదానితో కలిపి రెండూ వేసుకునే ముసలివాళ్లు మా వాడలోనే నలుగురు ఉన్నారు.

తెలంగాణతో సహా అయిదు రాష్ట్రాలలో 2017లో మొదలుపెట్టిన బీపీ నియంత్రణ కార్యక్రమంలో 30 రోజుల మందు ఒకేసారి ఇవ్వాలన్నది ఒక ముఖ్యమైన నియమం. మాకు ఒకసారి పదిహేను రోజులకు, ఒకసారి పది రోజులకు, ఒకసారి ‘స్టాకు వచ్చాక రండి’కి ఇస్తున్నారు. స్టాకు వచ్చేలోగా మెడికల్ షాపులో ఏదో ఒకటి కొంటాము. అలా కొన్నది మిగులుతుంది, డబ్బాలోకి చేరుతుంది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని అరలు ఉన్న సంచి ఒకటి గతంలో ఇచ్చారు, నిజంగా మంచి ఆలోచన. లోపల వేయడానికి మందు లేక మా అమ్మ దానిలో ఆకులు, వక్కలు, సున్నం పెట్టుకుంటున్నది. అరలు మూడూ సరిగ్గా సరిపోయాయి.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. దాని 20వ సెక్షనులో వృద్ధులకు ఆసుపత్రులలో వేరే క్యూ ఉండాలని, ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ వృద్ధుల వైద్యానికి ప్రత్యేక సదుపాయం ఉండాలని రాసి ఉన్నది. మేము వెళ్లే చోట ‘సీనియర్ సిటిజన్లు’ అన్న బోర్డు ఉన్నది, దాని కింద చెడిపోయిన స్ట్రెచర్లు వరుసగా ఉన్నాయి. ఇంతవరకు నేను చూసిన ప్రత్యేక క్యూ అదే.

మనుషులు లేరు అంటారేమో. మా వీధిలో ఒక అమ్మాయి ఆరేళ్లు ఫార్మ్ డి అనే మందుల శాస్త్రం చదివింది. మన దేశంలో 2008లో మొదలైన ఆ చదువు, వార్డుల్లో తిరిగి రోగి మందులను సరిచూడడానికే పుట్టిందట. ఆ అమ్మాయి ఇప్పుడు హైదరాబాదులో మెడికల్ కోడింగ్ చేస్తున్నది, అంటే అమెరికా రోగుల బిల్లులకు అంకెలు వేస్తున్నది. సంక్రాంతికి వచ్చినప్పుడు మా డబ్బా తీసి చాప మీద పరచింది. గ్యాసుకు రెండు రకాల మాత్రలు ఒకే పని చేస్తున్నాయని, ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పుల మాత్ర డైక్లోఫెనాక్ ఈ వయసులో మూత్రపిండాలకూ బీపీకీ చేటని గుర్తించి ఒక పట్టిక రాసింది. దానికి పట్టిన సమయం నలభై నిమిషాలు. ఆ పట్టిక పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళితే, ఆయన చూసి అయిదు మందులు కొట్టేశారు. పదకొండు ఆరయ్యాయి.

నేను అడుగుతున్నది కొత్త పథకం కాదు, దానికి పేరు, లోగో, ప్రారంభోత్సవం అక్కరలేదు. అరవై దాటిన మనిషి దవాఖానలో చేరిన రోజున ఇంట్లో వేసుకునే మందులన్నీ తెప్పించి చూడమని ఆదేశించండి. ఇంటికి పంపేటప్పుడు ఏది వేసుకోవాలో, ఏది మానాలో, తెలుగులో, పెద్ద అక్షరాలలో ఒక్క కాగితం ఇప్పించండి. చదువు రానివారికి సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేస్తే చాలు. కత్తిరించిన మాత్రలను పేరు రాసిన కవరులో వేసి ఇప్పించండి. ఫార్మ్ డి చదివిన పిల్లలను ఆ పనికి పెట్టుకోండి. అన్నీ ఒకేసారి కాదంటే, ‘పాత మందులు కొనసాగించవలెను’ అన్న ఆ ఒక్క వాక్యాన్ని డిశ్చార్జి కాగితం మీద రాయడాన్ని అయినా నిషేధించండి. కాళ్లు పట్టుకుని అడగమన్నా అడుగుతాను, నాకు ఇందులో అభిమానం అడ్డు రాదు.

వచ్చే సోమవారం నాలుగో అర్జీ ఇవ్వడానికి ప్రజావాణికి వెళుతున్నాను. ఈసారి అర్జీతో పాటు బిస్కెట్ డబ్బా కూడా తీసుకువెళతాను. మానేసిన ఆ అయిదు రకాల గోలీలు ఇంకా అందులోనే ఉన్నాయి, వాటిని ఎక్కడ అప్పగించాలో మాకు ఎవరూ చెప్పలేదు. ‘పరిష్కరించబడినది’ అని నొక్కే ముందు ఒక్కసారి ఆ డబ్బా మూత తీసి చూడమని మీ అధికారులకు చెప్పవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు