డిజిటల్ బొమ్మకు చిత్తుగీతా సాక్ష్యమే

సంపాదకులకు నమస్కారం.

మన జిల్లాలో విద్యార్థుల చిత్రలేఖన పోటీల్లో డిజిటల్ బొమ్మలకు చోటు దక్కుతుండడం సంతోషకరం. అయితే చివరి జేపీజీ ఫైలు ఒక్కటే తీసుకుని మార్కులు వేయడం పిల్లల శ్రమకు అన్యాయమని నా నిశ్చితాభిప్రాయం, ఎందుకంటే ఆ ఫైలులో పొరలన్నీ (ఒకదానిపై ఒకటి పరచిన పారదర్శక కాగితాల్లాంటి లేయర్లు) ఒక్కటైపోయి పని జరిగిన తీరు కనిపించదు.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్ని వేయదలచిన విద్యార్థి ముందుగా కాగితంపై మాను వంపు, కోట బురుజు, జనసందోహం పెన్సిలుతో చిత్తుగా గీసుకుంటాడు. దాన్ని స్కాన్ చేసి అడుగు పొరగా ఉంచి, మసకబరిచి, పైపొరలో తీరైన గీత గీస్తాడు. ఆ గీతల కింద రంగులకు ఒక పొర, నీడలకు కింది రంగును ముదురు చేసే మల్టిప్లై పద్ధతిలో మరొక పొర వేస్తాడు. మాను చివర కూర్చున్న పూజారి రూపం విడి పొరలో ఉంటే, వెనుకనున్న కోట గీత ఒక్కటైనా చెదరకుండా ఆ కూర్పును ఎన్నిసార్లయినా సవరించుకోవచ్చు. 1994లో ఫోటోషాప్‌లోకి వచ్చిన ఈ పొరల సౌకర్యం ఉచితంగా దొరికే క్రిటా అనే చిత్రలేఖన సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది కనుక ఖర్చు అడ్డంకి కాదు.

కృత్రిమ మేధతో క్షణాల్లో బొమ్మలు పుడుతున్న ఈ రోజుల్లో సొంత పనికి చిత్తుగీత, పొరల ఫైలు గట్టి ఆధారాలు. పోటీల నిర్వాహకులు ఈ రెండింటినీ తప్పనిసరి చేసి, వాటికీ మార్కులు కేటాయించాలని కోరుతున్నాను.

– ఒక చిత్రలేఖన ఉపాధ్యాయుడు, విజయనగరం