రంగు మీదకి నెట్టేస్తే ఎలా?

సంపాదకుడు గారికి,

మీ ఆరోగ్యం పేజీలో రొమ్ము క్యాన్సర్ మీద వచ్చిన వ్యాసం చదివాను. అమెరికాలో నల్లజాతి స్త్రీలు ఈ జబ్బుతో ఎక్కువగా చనిపోవడానికి 'జన్యువులే కారణం' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. షికాగో శివార్లలో మామోగ్రామ్‌లు (రొమ్ము ఎక్స్‌రేలు) తీసే ఉద్యోగం నాది. ఊరుకోబుద్ధి కాలేదు.

జన్యువుల పాత్ర లేదనను. హార్మోన్ మందులకు లొంగని ట్రిపుల్ నెగటివ్ రకం నల్లవారిలో తెల్లవారి కంటే దాదాపు రెట్టింపు. అయితే అదే రకం పశ్చిమాఫ్రికాలోని ఘనాలో ఎక్కువగా, తూర్పున ఇథియోపియాలో బాగా తక్కువగా కనిపిస్తుంది. ఇద్దరిదీ నల్ల రంగేనండీ! తాతముత్తాతలు ఏ ప్రాంతం వాళ్లో చూడాలి గానీ ఒంటి రంగు చూస్తే ఏం తెలుస్తుంది?

పైగా ఇక్కడ నల్లజాతి స్త్రీలకు ఈ జబ్బు రావడం తెల్లవారి కంటే కాస్త తక్కువే. చావులే 40 శాతం దాకా ఎక్కువ.

షికాగో లెక్కే చూడండి. 1980లో రొమ్ము క్యాన్సర్ మరణాల రేటు ఇద్దరికీ ఇంచుమించు ఒకటే. 2003 నాటికి నల్లవారిలో తెల్లవారి కంటే 68 శాతం ఎక్కువైంది. 23 ఏళ్లలో జన్యువులు మారిపోతాయా? ఆ మధ్యలో మామోగ్రామ్, టామోక్సిఫెన్ అనే హార్మోన్ మందు లాంటివి విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. తెల్లవారి మరణాలు తగ్గాయి, నల్లవారి పేటలకు ఆ మేలు చేరలేదు. 2007లో ఇందుకోసమే ఒక టాస్క్‌ఫోర్స్ పెట్టి, ఆ పేటల్లో మామోగ్రామ్‌ల నాణ్యత మీద పని చేశాక తేడా కొంత తగ్గింది కూడా.

మామోగ్రామ్‌లో అనుమానం వస్తే మళ్లీ రమ్మంటాం. ఇంకో ఫొటో, అల్ట్రాసౌండ్, ఆపైన బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం). గంటల లెక్కన జీతం తీసుకునే మనిషికి వచ్చిన ప్రతిసారీ ఆ రోజు డబ్బులు పోయినట్టే. రెండు బస్సులు మారి, పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి రావాలి. కొందరు రారు.

మనవాళ్ల సంగతీ చూస్తుంటాను. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మ, చేతికి గడ్డ తగిలినా బిల్లుకు భయపడి, కూతురికి కూడా చెప్పకుండా "ఇండియా వెళ్లాక చూపించుకుందాంలే" అనుకుంటుంది. ఆ ఆర్నెల్లూ గడ్డ ఆగుతుందా?

ఈ విషయం మీద మళ్లీ వ్యాసం వేస్తే షికాగో అంకెలు కూడా వేయండి.

– ఒక పాఠకురాలు,
అరోరా, ఇల్లినాయ్