జిమ్ కుర్రాళ్ల గుండెను హార్మోన్ సూదులు తినేస్తున్నాయి

సంపాదకులకు నమస్కారం.

జిమ్‌కు వెళ్లే యువకుడు గుండెపోటుతో పోతే వార్తల్లో వ్యాయామమే దోషి అవుతోంది. అతను ఏ ఇంజెక్షన్లు వాడాడన్న ప్రశ్న ఎక్కడా కనబడదు. మెడికల్ షాపు నడిపేవాడిగా నన్ను బాధపెట్టేది ఇదే.

పాతికేళ్లు నిండని పిల్లలు మా కౌంటర్ దగ్గరికొచ్చి, ఫోన్‌లో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ సూదిమందు ఆంపుల్ ఫొటో చూపించి "అన్నా, ఇది ఉందా?" అంటారు. డాక్టర్ చీటీ ఏదంటే "ట్రైనర్ చెప్పాడు" అంటారు. నేను ఇవ్వను. మరోచోట దొరుకుతుందని వాళ్లకు తెలుసు.

ఒంట్లో సహజంగా తయారయ్యే టెస్టోస్టిరాన్ గుండెకు శత్రువేమీ కాదు. అందులో కొంత ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌గా మారుతుంది, మగవాడి ఒంటికి అదీ అవసరమే. ఎంత తయారవ్వాలో మెదడు, దాని అడుగునున్న పిట్యూటరీ గ్రంథి చూసుకుంటాయి. బయటినుంచి ఎక్కించడం మొదలుపెడితే ఆ గ్రంథి సంకేతాలు ఆపేస్తుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాల సంఖ్య పడిపోతుంది. మోతాదు పెరిగేకొద్దీ రక్తం చిక్కబడుతుంది, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, బీపీ పెరుగుతుంది. బరువులెత్తే 140 మంది మగవాళ్లను పరీక్షించిన అమెరికా అధ్యయనమొకటి 2017లో వచ్చింది. స్టెరాయిడ్లు, అంటే టెస్టోస్టిరాన్, దాన్ని పోలిన మందులు, ముట్టనివారి గుండె ఎడమ గది ప్రతి స్పందనకూ అందులోని రక్తంలో సగటున 63 శాతం బయటికి పంపుతుంటే, వాడినవారిలో అది 52 శాతమే.

"టెస్టోస్టిరాన్‌తో ప్రమాదం లేదని పెద్ద ట్రయల్‌లోనే తేలింది కదా" అని వాదించేవారున్నారు. 2023 నాటి ఆ ట్రావర్స్ ట్రయల్ 45 ఏళ్లు దాటి, హార్మోన్ నిజంగా తక్కువగా ఉన్నవారిపై జరిగింది. వైద్యుల పర్యవేక్షణలో, లోటు పూడ్చే మోతాదులో జెల్ ఇచ్చారు. గుండెపోట్లు, పక్షవాతం పెరగలేదు గానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం ఎక్కువగానే కనబడ్డాయి. ఏ లోటూ లేని ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఆ ట్రయల్‌ను చూపించి సూది పొడవడం ఘోరం.

ఇవి షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ లేకుండా అమ్మకూడదు. ఔషధ నియంత్రణ అధికారులు మా షాపులతోపాటు జిమ్‌లనూ తనిఖీ చేయాలి. మీ విలేకరులు కూడా ఇలాంటి మరణాలు రాసేటప్పుడు మందుల సంగతి ఆరా తీయాలి.

ఇప్పటికే వాడుతున్న తమ్ముళ్లు డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పి, ఎకో (గుండె స్కాన్) తీయించుకోండి. ఆ 2017 అధ్యయనంలోనే, వాడకం ఆపినవారి గుండె ఇంకా వాడుతున్నవారి కంటే మెరుగ్గా పనిచేసింది.

– ఒక ఫార్మసిస్టు, హనుమకొండ