వాలిడేటర్ల లెక్క ఒక్కటే చాలదు

సంపాదకుల వారికి,

లావాదేవీలను నమోదు చేసే ఉమ్మడి డిజిటల్ చిట్టా అయిన బ్లాక్‌చెయిన్ గురించిన వ్యాసాలు చాలావరకు క్రిప్టో నాణేల ధరల దగ్గరే ఆగిపోతున్నాయి. ఆ చిట్టాను కాపాడే వాలిడేటర్ నోడ్ల (లావాదేవీలను సరిచూసే కంప్యూటర్ల) ప్రస్తావన వచ్చినా, ‘అవి వేలల్లో ఉన్నాయి కాబట్టి భయం లేదు’ అన్న మాటతో సరిపెడుతున్నారు. అది సగం నిజమే.

ప్రముఖ బ్లాక్‌చెయిన్లలో ఒకటైన ఇథీరియం 2022 సెప్టెంబరు 15న మైనింగ్‌ను (కంప్యూటర్ల లెక్కల పోటీతో చిట్టాను నడిపే పద్ధతిని) వదిలి, నాణేలను పూచీకత్తుగా పెట్టే ప్రూఫ్ ఆఫ్ స్టేక్ పద్ధతికి మారింది. వాలిడేటర్‌గా చేరడానికి కనీసం 32 ఈథర్లు (ఇథీరియం నాణేలు) పూచీకత్తుగా పెట్టాలి. ప్రతి 12 సెకన్లకు ఒక వాలిడేటర్‌కు బ్లాకును (లావాదేవీల కట్టను) ప్రతిపాదించే వంతు వస్తుంది. ఆ వంతుకు కేటాయించిన మిగతావి దాన్ని సరిచూసి ఓటు వేస్తాయి. మొత్తం పూచీకత్తులో మూడింట రెండు వంతుల మద్దతు కూడితే అప్పటివరకు చేరిన బ్లాకులు ఖరారవుతాయి. ఒకే వంతులో రెండు వేర్వేరు బ్లాకులపై సంతకం చేసిన వాలిడేటర్‌కు ఆ సంతకాలే ఎదురు సాక్ష్యమై, పూచీకత్తులో కోత పడుతుంది, నెట్‌వర్క్ నుంచి బహిష్కరణ తప్పదు. ఎవరి నిజాయతీనీ నమ్ముకోకుండా మోసానికి ముందే ఖరీదు కట్టి ఉంచడం నాకు ఎంతో తెలివైన ఏర్పాటుగా తోస్తుంది.

అయితే ఆ ఖరీదు పనిచేయాలంటే వాలిడేటర్లు నిజంగా వేర్వేరు చేతుల్లో ఉండాలి. 2022 మార్చిలో, ఒక బ్లాక్‌చెయిన్ నుంచి మరోదానికి నాణేలు మార్చే రోనిన్ బ్రిడ్జ్‌కు తొమ్మిది వాలిడేటర్లు ఉండేవి, సొమ్ము తీయడానికి ఐదు సంతకాలు చాలు. సంతకానికి వాడే రహస్య తాళంచెవుల్లో నాలుగు ఒకే సంస్థ వద్ద ఉన్నాయి. ఐదో దాని తరఫున సంతకం చేసే అనుమతిని ఎప్పుడో ఆ సంస్థకే ఇచ్చి, అవసరం తీరాక రద్దు చేయడం మరిచారు. ఆ ఒక్క సంస్థలోకి చొరబడిన దొంగలకు ఐదు సంతకాలూ దొరికి, 60 కోట్ల డాలర్లకు పైగా విలువైన సొమ్ము ఎత్తుకుపోయారు. సంతకాలన్నీ సక్రమంగానే ఉండటంతో రోజుల తరబడి ఎవరూ పసిగట్టలేదు.

సాఫ్ట్‌వేర్ సంగతీ అంతే. 2023 మే 11, 12 తేదీల్లో వాలిడేటర్లు నడిపే కొన్ని క్లయింట్ ప్రోగ్రాములు భారం మోయలేక తడబడటంతో ఇథీరియంలో బ్లాకుల ఖరారు కాసేపు నిలిచిపోయింది. వేరే ప్రోగ్రాములు నడుపుతున్న వాలిడేటర్లు ఉండబట్టే కొత్త బ్లాకులు రావడం ఆగలేదు.

కనుక ఏదైనా నెట్‌వర్క్ భద్రమని రాసేటప్పుడు, దాని వాలిడేటర్లను ఎందరు స్వతంత్రంగా నడుపుతున్నారో, ఏయే సాఫ్ట్‌వేర్లు వాడుతున్నారో కూడా పాఠకులకు తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు