కల్పిత కార్లను నకిలీ కార్లు అనవద్దు

సంపాదకుల వారికి నమస్కారములు.

గత ఆదివారం మీ అనుబంధంలో వీడియో గేముల గురించి వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అందులో డ్రైవింగ్ గేముల ప్రస్తావన వచ్చినచోట, అసలు కంపెనీల దగ్గర వాటి కార్ల పేరూ రూపమూ వాడుకునే లైసెన్సు కొనే స్తోమత లేనివాళ్లు నకిలీ కార్లతో సరిపెట్టుకుంటారన్న అర్థం వచ్చేలా ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ మాట నాకు బాధ కలిగించింది. మా నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో నకిలీ అనగానే మొలకెత్తని పత్తి విత్తనాలు గుర్తుకొస్తాయి. నకిలీ విత్తనం రైతును మోసగించడానికి తయారవుతుంది. కల్పిత కారు ఎవరినీ మోసగించదు. అది ఫలానా కంపెనీ బండినని చెప్పుకోదు. తనకంటూ ఒక పేరు, ఒక కంపెనీ, ఒక పుట్టుక కల్పించుకుని నిలబడుతుంది. ఆ పని ఎంత కష్టమో ఏడాదిగా దగ్గరుండి చూస్తున్నందువల్ల ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముప్పై ఏళ్లు మోటారు మెకానిక్ ట్రేడు పిల్లలకు పాఠం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. అతడూ, ముగ్గురు స్నేహితులూ కలిసి నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ మీదుగా నాగార్జునసాగర్ దాకా సాగే ఒక డ్రైవింగ్ గేము తయారు చేస్తున్నారు. నిరుడు ఎండాకాలంలో తమ కార్ల జాబితా పట్టుకుని మా ఇంటికి వచ్చారు. పదకొండు మోడళ్లు, నాలుగు కంపెనీలు. పేర్లు బాగానే ఉన్నాయి, బొమ్మలు ఇంకా బాగున్నాయి. కానీ పదకొండూ కొత్త బండ్లే, అన్నీ వేగంగా పోయేవే. వాటిలో ఒక్కటైనా దేవరకొండ వైపు పల్లె దారిలో పది మందిని ఎక్కించుకుని వెళ్లే బండి కాదు.

మొదటి కారు బొమ్మ చూసి, "దీని స్టెప్నీ ఎక్కడుంటదిరా?" అని అడిగాను. "మామా, ఇది గేమే గదా, స్టెప్నీ ఎవరు చూస్తరు?" అన్నాడు మా వాడు. గేములో ఎవరూ చూడరన్నది నిజమే. అయినా స్టెప్నీ ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తేనే డిక్కీ ఎంత ఉండాలో తెలుస్తుంది, డిక్కీ తెలిస్తే బండి పొడవు తెలుస్తుంది, పొడవు తెలిస్తే పన్ను తెలుస్తుంది, పన్ను తెలిస్తే ధరా, ఆ ధర పెట్టి కొనేవాడూ తెలుస్తారు. 2006 కేంద్ర బడ్జెట్‌లో నాలుగు మీటర్ల పొడవు దాటకుండా, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ మించని ఇంజన్ ఉన్న చిన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించారు. దాంతో 2008లో ఇండిగో సీఎస్, 2012లో స్విఫ్ట్ డిజైర్ డిక్కీలు కురచబడి నాలుగు మీటర్లలోకి వచ్చాయి. జీఎస్టీ వచ్చాక కూడా ఆ కొలతే నడుస్తోంది. మన రోడ్ల మీద వెనక నుంచి ఎవరో కత్తిరించినట్టు కనిపించే కార్లు అన్ని ఉండడానికి కారణం డిజైనర్ల అభిరుచి కాదు, ఆ నిబంధన. మన దేశపు కంపెనీని కల్పించేవాడు ఈ సంగతి పట్టించుకోకపోతే, అతని కారు ఎంత అందంగా ఉన్నా పరాయి ఊరి నుంచి తప్పిపోయి వచ్చినట్టే ఉంటుంది.

లెక్కల దగ్గరా అంతే. వాళ్ల జాబితాలో ఒక డీజిల్ ఇంజన్‌కు 3,000 ఆర్‌పీఎం దగ్గర, అంటే నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు, 120 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) అనీ, అదే వేగం దగ్గర 100 హార్స్‌పవర్ అనీ రాసి ఉంది. టార్క్‌ను ఇంజన్ తిరిగే వేగంతో గుణిస్తేనే పవర్ వస్తుంది కాబట్టి ఆ ఇంజన్ అక్కడ ఇవ్వగలిగేది సుమారు 50 మాత్రమే. 100 కావాలంటే టార్క్ దాదాపు రెట్టింపు ఉండాలి, లేదా ఇంజన్ అంతకు రెట్టింపు వేగంతో తిరగాలి; అంత వేగంగా తిరిగితే అది ఆ రకం డీజిల్ ఇంజన్ కాకుండా పోతుంది. పిల్లలు ఆ రాత్రే కూర్చుని పదకొండు బండ్ల లెక్కలూ తిరగరాశారు. మర్నాడు గేము నడిపి చూస్తే, లోడు వేసిన బండి గేరు మార్చినప్పుడు ఈసురోమని ఎత్తు ఎక్కుతుంటే నాకు షెడ్డులో నిలబడి ఉన్నట్టే అనిపించింది.

అయితే అసలు సంగతి లెక్కల్లో లేదు, కంపెనీ జీవితంలో ఉంది. కల్పిత కంపెనీ అంటే ఇవాళ షోరూములో ఉన్న నాలుగు బండ్లు మాత్రమే అయితే అది ఉత్త బోర్డు. ఏ బండితో మొదలైంది, ఎవరి దగ్గర ఇంజన్ తెచ్చుకుంది, ఏ మోడల్ అమ్ముడుపోక ఆపేసింది, ఏది ఆపేసి ఇరవై ఏళ్లయినా పల్లెల్లో ఇంకా తిరుగుతోంది అన్నవన్నీ ఉంటేనే ఆ కంపెనీని నమ్మగలుగుతాం. నా దృష్టిలో ఒక కంపెనీ బండ్ల వరుసలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆగిపోయిన బండి.

ఇందుకు ఉదాహరణల కోసం విదేశాలకు పోనక్కర లేదు. బస్సు బాడీలు, రిఫ్రిజిరేటర్లు, చేతి గడియారాలు చేసిన మన హైదరాబాద్ ఆల్విన్, జపాన్ నిస్సాన్‌తో కలిసి 1980ల్లో జహీరాబాద్‌లో తేలికపాటి లారీల ఫ్యాక్టరీ పెట్టింది. 1989లో అది మహీంద్రా చేతికి వెళ్లింది. అదే కాలంలో అలాంటి లారీల కోసమే ఐషర్ మిత్సుబిషితో, స్వరాజ్ మాజ్డాతో, డీసీఎం టయోటాతో చేతులు కలిపాయి. వీటిలో డీసీఎం టయోటా కథ మా ప్రాంతానికి బాగా దగ్గరిది. ఆ కంపెనీ 1990ల మధ్యలో కొరియా దేవూ పరమై, 1995లో సియెలో కారు తెచ్చి, తర్వాత మూతబడింది. కంపెనీ పోయినా పేరు మాత్రం మా నోళ్లలో నిలిచిపోయింది. ఇవాళ్టికీ తోటలో బత్తాయి లోడు ఎత్తడానికి ఏ కంపెనీ బండి వచ్చినా రైతు "డీసీఎం వచ్చింది" అనే అంటాడు. ప్రమాదం జరిగితే మీ పత్రికలోనూ "డీసీఎం ఢీకొని" అనే రాస్తారు. ముప్పై ఏళ్ల కింద లేకుండా పోయిన కంపెనీ పేరు ఒక బండి జాతి పేరుగా మారిందంటే, అంతకు మించిన చరిత్ర ఏ కారు ప్రకటనలో దొరుకుతుంది?

ఈ మాట చెప్పాక పిల్లల ఆలోచనే మారిపోయింది. నాలుగు కంపెనీలను రెండుకు తగ్గించి, అందులో ఒకదానికి పూర్తి చరిత్ర రాసుకున్నారు. దాని పేరు పానగల్ మోటార్ వర్క్స్. ఇది గేములో తప్ప ఎక్కడా లేదని వేరే చెప్పనక్కర లేదు. వాళ్ల కథలో అది 1962లో బస్సు బాడీలతో మొదలై, 1986లో జపాన్ ఇంజన్‌తో కోడె అనే చిన్న లారీ, 1994లో తంగేడు అనే జీపు, 1999లో పాలపిట్ట అనే చిన్న కారు చేస్తుంది. పాలపిట్టకు 2008లో డిక్కీ తగిలించి నాలుగు మీటర్లు దాటకుండా సరిచేస్తుంది. 2020 ఏప్రిల్‌లో బండ్ల పొగ కాలుష్యం తగ్గించే బీఎస్-6 నిబంధనలు రాగానే చిన్న డీజిల్ ఇంజన్ ఖర్చు భరించలేక పెట్రోలుకు మళ్లుతుంది. మారుతి కూడా అప్పుడే డీజిల్ కార్లు మానేసింది కాబట్టి ఇందులో గాలి కబురేమీ లేదు. రెండో కంపెనీకి సొంత డీజిల్ ఇంజన్ లేదు, పానగల్ దగ్గరే కొంటుంది. నిజం కంపెనీలూ ఇలాగే చేశాయి: ఫియట్ వారి 1,248 సీసీ డీజిల్ ఇంజన్ ఒక్కటే స్విఫ్ట్‌లోనూ, ఇండికా విస్టాలోనూ, పుంటోలోనూ పరుగెత్తిన సంగతి మెకానిక్కులందరికీ తెలుసు.

నాకు అన్నిటికన్నా నచ్చినది నంబరు ప్లేట్ల పని. గేములో పాత కోడె బండికి ఏపీ 24 అని, 2014 తర్వాత కొన్న పాలపిట్టకు టీఎస్ 05 అని, 2024 మార్చి తర్వాతి బండ్లకు టీజీ 05 అని రాశారు. ఒక్క ముక్క వివరణ లేకుండానే బండి వయసు ఆడేవాడికి తెలిసిపోతుంది. పెద్ద రోడ్డు మీద టీజీ బండ్లు ఎక్కువ, పల్లె దారికి మళ్లితే ఏపీ 24లు ఎక్కువ. ఒక కోడె లారీకి వెనక కమాన్‌పట్టీలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) ఒకటి రెండు అదనంగా వేసి, బండి ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం ఎత్తుగా నిలిచేలా చేశారు. అది నేను చెప్పింది కాదు, మిర్యాలగూడ బియ్యం మిల్లుల దగ్గర నిలబడి వాళ్లంతట వాళ్లే చూసి వచ్చారు.

ఇక లైసెన్సు కొనలేక అన్న మాటకు జవాబు చెప్పి ముగిస్తాను. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన గేముల్లో ఒకటైన గ్రాండ్ తెఫ్ట్ ఆటో ఐదో భాగం 2013లో వచ్చింది. అందులోని కార్ల కంపెనీలన్నీ కల్పితాలే. వారికి డబ్బు కొదవ అని ఎవరూ అనలేరు. కార్లు నలిగే తీరును నిజానికి అతి దగ్గరగా చూపించే బీమ్‌ఎన్‌జీ డ్రైవ్ అనే జర్మనీ గేము కూడా గావ్రిల్, ఇబిషు, ఈటీకే వంటి సొంత కంపెనీలను సృష్టించుకుని, ఒక్కోదానికి అమెరికా, జపాన్, జర్మనీ పోకడలు ఇచ్చింది. తమ బండి నుజ్జునుజ్జు కావడం చూపించడానికి అసలు కంపెనీలు సాధారణంగా ఇష్టపడవు. పైగా లైసెన్సుకు గడువుంటుంది. ఫోర్జా హొరైజన్ 4 అనే గేము గడువులు తీరి 2024 డిసెంబరులో అమ్మకం నుంచి తొలగిపోయింది. పోర్షే పేరు 2000 నుంచి 2016 దాకా ఒకే గేము కంపెనీ గుప్పిట్లో ఉంటే, మిగిలినవారు పోర్షే బండ్ల ఆధారంగా సొంత పేరుతో కార్లు చేసే రూఫ్ అనే జర్మనీ కంపెనీ కార్లతో పని గడుపుకున్నారు. పేరు విలువ ఎంతటిదంటే, 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ పేరును 2017లో ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో కంపెనీకి 80 కోట్ల రూపాయలకు అమ్మారు. కాబట్టి ఒక అక్షరం మార్చి అంబాసిడర్‌నే గేములో పెడదామనే పిల్లలకు నా సలహా ఒక్కటే: ఆ పని వద్దు. నకిలీ అన్న మాట వర్తిస్తే దానికే వర్తిస్తుంది.

మీ పత్రికను నేను కోరేది రెండు పనులు. మొదటిది, ఆ వాక్యంలోని మాటను వచ్చే ఆదివారం సవరించండి. రెండవది, మీ పాత సంచికల్లో అచ్చయిన మోటారు బండ్ల ప్రకటనలను, ముఖ్యంగా 1980ల నాటి తేలికపాటి లారీలవీ జీపులవీ, తేదీతో సహా వారానికి ఒకటి చొప్పున తిరిగి అచ్చు వేయండి. అప్పటి ధర, అప్పటి రంగులు, మొదట చెప్పుకున్న గుణం ఏమిటో ఈ తరం పిల్లలకు మరెక్కడా ఒక్కచోట దొరకడం లేదు. పాఠకుల్లో ఎవరి దగ్గరైనా ఆల్విన్ నిస్సాన్ బండితో పాటు ఇచ్చిన చిన్న పుస్తకం ఉంటే, దాని ఫొటో మీకు పంపినా చాలు. కోడె బండి డాష్‌బోర్డు పని రెండు నెలలుగా ఆగి ఉంది. నా పెట్టెలో ఒక పాత స్పీడోమీటరు ఉంటే ఇచ్చాను. దాని పక్కన ఉండే డీజిల్ ముల్లు, వేడి ముల్లు ఎంత పెద్దవో, ఏ వైపు ఉండేవో చూపే ఒక్క స్పష్టమైన ఫొటో కోసం వాళ్లు ఎదురుచూస్తున్నారు.

ఇట్లు,
విశ్రాంత మోటారు మెకానిక్ శిక్షకుడు,
నల్లగొండ.