మానవ హక్కుల కమిషన్‌కి ఛైర్మన్‌ని ఎప్పుడు వేస్తారు సార్? ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

విజయవాడ,
ఏప్రిల్ 2025

గౌరవనీయులైన ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు గారికి,

నమస్కారమండి. మీరు తీరిక లేకుండా ఉంటారని తెలుసు, అమరావతి పనులు, పోలవరం, ఢిల్లీ ప్రయాణాలు, అందుకే ముందు అర్జీ పెట్టి చూశాను, నేరుగా మిమ్మల్ని విసిగించలేదు. ఒక సోమవారం గ్రీవెన్సులో ఇచ్చా. "మీ అర్జీ సంబంధిత శాఖకు పంపడమైనది" అని ఫోనుకి మెసేజ్ వచ్చింది, ఆ సంబంధిత శాఖ ఏదో అందులో లేదు. కొన్నాళ్ళకి "పరిష్కరించబడినది" అని ఇంకో మెసేజ్. నేను అడిగింది రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కి ఛైర్మన్‌ని వేయమని. ఛైర్మన్ రాలేదు, మెంబర్లు రాలేదు, నా అర్జీ మాత్రం పరిష్కారమైపోయింది. చాలా సంతోషం.

నేను గవర్నర్‌పేటలో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుకుంటున్నానండి. కోర్టులు దగ్గర కాబట్టి వచ్చేవన్నీ అఫిడవిట్లు, అర్జీలు, నోటరీ కాగితాలే. రాయడం రానివాళ్ళు చెప్తా ఉంటే టైపు కొడతా. వాటన్నిట్లో పేదోడికి పనికొచ్చే కాగితం ఏదంటే హెచ్ఆర్సీ, అంటే మానవ హక్కుల కమిషన్‌కి పెట్టే పిటిషనే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, తెలుగులో రాసుకోవచ్చు, ఒక తెల్ల కాగితం మీద ఏం జరిగిందో రాసి సంతకమో వేలిముద్రో పెట్టి పోస్టులో వేస్తే చాలు. ఇప్పుడు ఎవరైనా వచ్చి అమ్మా హెచ్ఆర్సీకి రాయాలి అంటే వాళ్ళ దగ్గర టైపింగ్ డబ్బులు తీసుకోడానికి నాకే సిగ్గేస్తోంది.

కమిషన్ పాత ఛైర్మన్ జస్టిస్ సీతారామమూర్తి గారి మూడేళ్ళ పదవీకాలం 2024 మార్చిలో అయిపోయింది. అప్పుడు ఎలక్షన్ కోడ్ ఉంది, సరే. ప్రభుత్వం మారింది, మీరు జూన్ 12న ప్రమాణం చేశారు, కొత్తగా వచ్చారు కదా అనుకున్నాం, అదీ సరే. తర్వాత బుడమేరు ముంచింది, మీరు ఇక్కడ కలెక్టరేట్‌లోనే ఉండి చూసుకున్నారు, అదీ మేం చూశాం, కాదనను. కానీ ఆ తర్వాత ఏం అడ్డమొచ్చింది సార్? మీకు ముందున్న ప్రభుత్వాన్ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి, రాష్ట్రం విడిపోయాక మనకంటూ విడిగా ఛైర్మన్ వచ్చిందే 2021లో, అంతదాకా ఎవరికీ తొందర లేదు. ఏ రంగు జెండా వచ్చినా ఈ కుర్చీ మీద ప్రేమ అంతంతమాత్రమే.

షాపుకొచ్చే లాయర్లని అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క. ఒకాయన, "కమిటీ కూర్చోవాలి కదమ్మా, కూర్చుంటే ఎదురుబొదురు కూర్చోవాలి కదా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఛైర్మన్‌ని ఎంపిక చేసే ఆ కమిటీలో మీరు, స్పీకర్ అయ్యన్నపాత్రుడు గారు, హోం మంత్రి అనిత గారు. అవతల మండలి ఛైర్మన్ మోషేన్‌రాజు గారు, మండలి ప్రతిపక్ష నేత బొత్స గారు. అసెంబ్లీ ప్రతిపక్ష నేత కుర్చీ ఎవరిదో మీకే తెలియాలి, 175లో వైసీపీకి 11 మందే కాబట్టి హోదా రాదని మీవాళ్ళంటారు, ఇవ్వాల్సిందేనని జగన్ గారు కోర్టుకెళ్ళారు. అసెంబ్లీ మొత్తం మీది, మండలిలో మెజారిటీ వాళ్ళది. ఇక్కడే ఎవరి లెక్కలు వాళ్ళేసుకుంటున్నారేమో అనిపిస్తోంది, తప్పయితే మన్నించండి.

కానీ ఆ లెక్క కూడా నిలబడదు సార్. మానవ హక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 22లోనే ఉంది, కమిటీలో ఒక సభ్యుడి ఖాళీ ఉన్నంత మాత్రాన నియామకం చెల్లకుండా పోదని. అంటే ప్రతిపక్ష నేత గొడవ తేలకపోయినా మీరు కూర్చోవచ్చు. పోనీ తగిన మనిషి దొరకట్లేదా అంటే, 2019కి ముందయితే హైకోర్టు చీఫ్ జస్టిస్‌గా చేసినవాళ్ళే కావాలి, ఇప్పుడు హైకోర్టు జడ్జిగా చేసినా చాలని చట్టం మార్చారు. పదవీకాలం కూడా ఐదేళ్ళ నుంచి మూడేళ్ళకి తగ్గించారు, అందులో మూడో వంతంత కాలం మనం కుర్చీ ఖాళీగానే గడిపేశాం. సంతకం పెట్టాల్సిన గవర్నర్ గారు స్వయానా సుప్రీంకోర్టు జడ్జిగా చేసినాయన, రాజ్‌భవన్ మా షాపుకి నడిచెళ్ళే దూరం. ఇంకేం కావాలి?

ఢిల్లీలో చూశాం కదా. జాతీయ కమిషన్‌లో జస్టిస్ అరుణ్ మిశ్రా గారు 2024 జూన్ 1న దిగిపోతే డిసెంబర్ దాకా నాన్చారు, అదీ తప్పే. మధ్యలో విజయభారతి గారు, మన తెలుగావిడే, యాక్టింగ్ ఛైర్‌పర్సన్‌గా నడిపారు. చివరికి కమిటీ కూర్చుంది, ఖర్గే గారు, రాహుల్ గాంధీ గారు మాకు జస్టిస్ నారిమన్ గారో జస్టిస్ జోసెఫ్ గారో కావాలని అసమ్మతి రాసిచ్చి వచ్చారు, జస్టిస్ రామసుబ్రమణియన్ గారిని వేశారు. సంఖ్యాబలంతో లాగించేశారని ప్రతిపక్షం అంది, నాకూ ఆ పద్ధతి నచ్చలేదు, నలుగురూ ఒప్పుకున్న మనిషయితే పోలీసులు కూడా భయపడతారు. అయినా అక్కడ కూర్చున్నారు, పోట్లాడుకున్నారు, లేచారు, కుర్చీ నిండింది. మన దగ్గర పోట్లాట కూడా లేదు.

అసలు విషయం ఇప్పుడు చెప్తా. సింగ్‌నగర్ నుంచి ఒకావిడ వస్తుంది నా షాపుకి, ఇళ్ళల్లో పనిచేసుకుంటుంది. పోయినేడు మేలో ఎలక్షన్లు అయిన కొత్తలో ఆమె కొడుకుని, ఆటో తోలతాడు, దొంగతనం అనుమానమని స్టేషన్‌కి తీసుకెళ్ళారు. ఏ స్టేషనో రాయను, రాస్తే మళ్ళీ ఆమె ఇంటికే వెళ్తారు. రెండో రోజు వదిలేశారు, కేసు లేదు, ఎఫ్ఐఆర్ లేదు, కుడి మణికట్టు మాత్రం విరిగింది. గేరు మార్చేది ఎడమచేత్తోనే అయినా యాక్సిలరేటర్ తిప్పేది కుడిచేత్తోనే కదండీ, ఇప్పటికీ గట్టిగా పట్టుకోలేడు, ఆటో ఇంకొకరికి అద్దెకిచ్చి వచ్చిందాంతో బతుకుతున్నారు. ఆస్పత్రి కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చింది, బుడమేరు నీళ్ళు ఇంట్లో నిలిచినప్పుడు అవీ నానిపోయాయి, డాక్టర్ చేతిరాత సగం నీలంగా అలుక్కుపోయింది, ఎక్స్‌రే ఫిల్ముకి అంటిన బురద గోకితే బొమ్మ కూడా లేచొచ్చేలా ఉంది. ఆ మరకలతోనే స్కాన్ చేసి పిటిషన్‌కి జతచేశా, రిజిస్టర్ పోస్టులో పంపించా. అప్పటి నుంచి ఆ దారిన పోయినప్పుడల్లా మెట్ల కింద నిలబడి "అమ్మాయ్, ఏమన్నా తేలిందా" అని అడుగుద్ది. చదివే జడ్జి గారే ఇంకా రాలేదు పెద్దమ్మా అని చెప్పా. "ఎవరు పంపాలి ఆయన్ని?" అంది. మీ పేరు చెప్పా.

మీకు తెలియని సెక్షన్ కాదు గానీ ఆ చట్టంలోనే 36లో ఉంది, ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ దాని మీద విచారణ చేయకూడదు. ఆమె కొడుకుది మేతో ఏడాది నిండుద్ది. అది ముందే పంపించాం కాబట్టి పర్లేదు అంటారేమో, రేపొచ్చే కొత్తాయన ఎలా చూస్తారో ఎవరు హామీ ఇస్తారు? పంపకుండా ఆగినవాళ్ళ సంగతేంటి? "అక్కడెవరూ లేరంట కదా, వేశాక రాద్దాంలే" అని వెనక్కెళ్ళినవాళ్ళని నేను కళ్ళారా చూశా. కుర్చీ ఖాళీగా ఉన్నన్నాళ్ళూ గడువు ఆగదు కదా సార్, దానికి కోడ్ లేదు, వరదల్లేవు, ప్రతిపక్ష హోదా గొడవ లేదు.

ఇంకోటి, 2020 డిసెంబర్లో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్లో సీసీ కెమెరాలు పెట్టమంది కదా, లాకప్‌లు, వరండాలు, వచ్చేపోయే దారులు అన్నీ కనపడాలంది. రికార్డింగు పద్దెనిమిది నెలలు దాచాలి, కుదరకపోతే కనీసం ఏడాది. స్టేషన్లో ఎవరికైనా గట్టి దెబ్బలు తగిలితే వాళ్ళు మానవ హక్కుల కమిషన్‌కి చెప్పుకోవచ్చు, కమిషన్ ఆ ఫుటేజీ వెంటనే తెప్పించుకోవచ్చు అని కూడా ఆ తీర్పులోనే ఉంది. తెప్పించుకోడానికి కమిషన్లో మనిషుండాలి కదా! ఈ లోపు ఫుటేజీ మీద ఫుటేజీ పడి చెరిగిపోద్ది, ఎవరూ ఏమీ చెరపక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు. ఛైర్మన్‌ని వేయకపోతే లాభపడేది ఎవరో నేను విడిగా చెప్పాలా?

ఢిల్లీకి రాసుకోమ్మా, ఆన్‌లైన్లో పెట్టొచ్చు అని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. పెట్టొచ్చు, నేనే పెట్టి ఇస్తున్నా కూడా. ఇక్కడ మన చట్టం ప్రకారం మనకో కమిషన్ పెట్టుకుని, దానికి ఆఫీసు ఇచ్చి, ఫోను బిల్లు కట్టి, సింగ్‌నగర్ ఆవిడని ఢిల్లీకి పొమ్మంటే ఏం మర్యాదండీ? ఆఫీసు కర్నూల్లో ఉండాలా అమరావతికి రావాలా అని వాదించుకున్నంతసేపు, అందులో ఎవరు కూర్చోవాలని వాదించుకోలేదు. ఎక్కడన్నా పెట్టండి, రిజిస్టర్ పోస్టు ఎక్కడికైనా పోద్ది.

మోషేన్‌రాజు గారికి, బొత్స గారికి కూడా ఇదే లేఖ పంపుతున్నానండి. వాళ్ళకీ ఒక మాట: మీ మీద కేసుల గురించి, మీ కార్యకర్తల అరెస్టుల గురించి రోజూ మాట్లాడుతున్నారు కదా, పోలీసులు కొడుతున్నారని మీరే అంటున్నారు, మరి మండలిలో అంత బలం పెట్టుకుని ఈ కమిషన్ ఎందుకు ఖాళీగా ఉందని సభని ఎన్ని రోజులు స్తంభింపజేశారో చెప్పండి. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు మీ రెండు పార్టీల పంతాలు మా మీదకొస్తున్నాయి. మీటింగ్ పిలిస్తే వెళ్ళండి దయచేసి, బహిష్కరణ, వాకౌట్ అని టీవీలకి చెప్పి ఇంట్లో కూర్చోకండి. నచ్చకపోతే నచ్చలేదని రాసివ్వండి.

ముఖ్యమంత్రి గారూ, కమిటీని పిలవండి. తేదీ చెప్పండి. ఛైర్మన్ ఒక్కరినే వేసి చేతులు దులుపుకోకండి, ఇద్దరు మెంబర్లు కూడా ఉండాలి, అందులో జడ్జి కాని ఆ ఒక్క సీటులో పార్టీకి పనిచేసినాయన్ని కాకుండా జైళ్ళూ స్టేషన్లూ తిరిగిన మనిషిని చూడండి. ఖాళీగా ఉన్న కాలంలో ఏడాది దాటిపోయినవాళ్ళ సంగతి ఏం చేస్తారో కూడా చెప్పండి, అవసరమైతే కేంద్రానికి రాయండి, మీ మాట అక్కడ ఇప్పుడు చెల్లుద్ది, పదహారు మంది ఎంపీలున్నారు మీకు. మే వచ్చేస్తోంది. ఆలోగా తేదీ చెప్పండి సార్, ఈసారి "సంబంధిత శాఖ"కి పంపకండి, సంబంధిత శాఖ మీరే.

ఇట్లు,
గవర్నర్‌పేటలో అర్జీలు టైపు చేసుకునే ఒక మహిళ