ఫ్రేమ్ ఉన్న ఎస్‌యూవీలు ఇక ఆర్డర్ మీదే

మన కస్టమర్లందరికీ నమస్కారం. సూటిగా చెప్పేస్తాను: ట్రక్కులా విడి ఫ్రేమ్ మీద బాడీ బిగించిన మీడియం సైజు ఎస్‌యూవీలను ఇకమీదట ముందే కొని మా సెకండ్ హ్యాండ్ బళ్ల లాట్‌లో పెట్టం, ఎవరైనా అడిగితే వేలంలో వెతికి తెస్తాం. "ఒకప్పుడు వరసగా ఉండేవి కదా, ఏమయ్యాయి?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి రాస్తున్నాను.

కొత్తవే పెద్దగా తయారవకపోతే సెకండ్ హ్యాండ్‌వి ఎక్కణ్నుంచి వస్తాయి? అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరరే 2011 మోడల్‌తో ఫ్రేమ్ వదిలేసి కారులా యూనిబాడీ (విడి ఫ్రేమ్ లేకుండా బాడీ మొత్తం ఒకటే కట్టు) అయిపోయింది. షెవీ (షెవర్లే) ట్రెయిల్‌బ్లేజర్ 2009తో ఆగింది (ఇప్పుడు ఆ పేరుతో వస్తున్నది కారు ప్లాట్‌ఫారమ్ మీద కట్టిన చిన్న క్రాసోవర్, పేరు చూసి మోసపోకండి). నిస్సాన్ పాత్‌ఫైండర్ 2013లో మారింది, ఎక్స్‌టెరా 2015తో పోయింది. 2008లో గ్యాస్ గ్యాలన్ నాలుగు డాలర్లు దాటడం గట్టి దెబ్బే కానీ, జనం మనసు అప్పటికే మళ్లుతోంది. ఎత్తుగా కూర్చోవాలి, మంచులో నాలుగు చక్రాలూ లాగాలి, సామాను పట్టాలి, ఇంతే కదా అందరూ అడిగేది. ఇవన్నీ కారు ప్లాట్‌ఫారమ్ మీదే దొరుకుతుంటే, పెద్దవాళ్లు ఎక్కడానికి అవస్థపడే బండి ఎందుకు కొంటారు?

పోనీ ట్రెయిలర్ లాగడానికి అంటారా? 2024 వరకు వచ్చిన టొయోటా 4రన్నర్ (ఫ్రేమ్ బండి) 5,000 పౌండ్లు లాగుతుంది, ఫ్రేమ్ లేని ఆల్ వీల్ డ్రైవ్ హోండా పైలట్ కూడా 5,000 పౌండ్లే. మైలేజీ చూస్తే ఆ 4రన్నర్ ఫోర్ వీల్ డ్రైవ్ గ్యాలన్‌కి 17 మైళ్లు, ఫ్రేమ్ లేని టొయోటా హైలాండర్ హైబ్రిడ్ 35. నాకైతే ఫ్రేమ్ బండే ఇష్టం, కానీ ఆఫీసుకీ స్కూలుకీ తిరిగేవాళ్లకి అది అంటగట్టలేను.

రాళ్లలో, బురదలో నిజంగా తిప్పేవాళ్ల సంగతి వేరు. లో రేంజ్ గేర్లు (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేవి), గట్టి వెనక యాక్సిల్ వాళ్లకి కావాలి, అందుకే 4రన్నర్ ఇంకా ఫ్రేమ్ మీదే వస్తోంది, ఫోర్డ్ బ్రాంకో కూడా 2021లో అలాగే తిరిగొచ్చింది. వాటి సెకండ్ హ్యాండ్ రేట్లు దిగవు, కొని లాట్‌లో పెట్టుకుంటే నా డబ్బంతా అక్కడే ఇరుక్కుపోతుంది.

ఇంకో తలనొప్పి తుప్పు. రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల బండి వస్తే ముందు కిందకి దూరి వెనక చక్రాల దగ్గర ఫ్రేమ్‌ని సుత్తితో కొట్టి చూస్తాను. ఖంగుమంటే సరే, డొల్లగా మోగి పొరలు పొరలుగా రాలితే ఇంజిన్ ఎంత బాగున్నా వదిలేస్తాను. అడుగున కొత్తగా నల్ల రంగు కొట్టి ఉందంటే ఇంకా అనుమానం. వేలంలో ఇలాంటివి తీసేస్తూ పోతే చివరికి మిగిలేవి ఒకటో రెండో.

ఇప్పటికే ఈ బళ్లున్నవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్, బాడీ మౌంట్లు అన్నీ ఎప్పటిలాగే చేస్తాం. ఆర్డర్ ఇచ్చేవాళ్లు మాత్రం బడ్జెట్, ఎన్ని మైళ్లు తిరిగినదైతే పర్వాలేదో, రెండూ ముందే చెప్పండి. రంగు దగ్గర మరీ పట్టుబడితే ఆలస్యమవుతుంది.